కేప్ కాడ్ రైలు బాట మీద మూడు తరాల సైకిల్ ప్రయాణం: ఎక్కడ మొదలుపెట్టాలి?

నెమ్మది చక్రం

సభ్యులందరికీ నమస్కారం. సెప్టెంబరు రెండో వారంలో మేము నలుగురం అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, సముద్రంలోకి చొచ్చుకుపోయిన కేప్ కాడ్ ద్వీపకల్పానికి రెండు రోజుల కోసం వెళుతున్నాం. పాత రైలు పట్టాలు తొలగించి, ఆ కట్ట మీదే తారు వేసి సైకిళ్లకు, పాదచారులకు విడిచిపెట్టిన కేప్ కాడ్ రైల్ ట్రైల్ మీద తొక్కాలని, వీలైతే కేప్ కాడ్ నేషనల్ సీషోర్ అనే రక్షిత ప్రాంతంలోని సముద్రతీరం దాకా సైకిళ్ల మీదే చేరాలని మా ఆలోచన.

నేను, నా భార్య వారాంతాల్లో తొక్కేవాళ్లం. మా అబ్బాయికి 11 ఏళ్లు. నాన్నగారికి 66. ఆయన ఒకప్పుడు రోజూ సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్లివచ్చినవారే కానీ, 20 ఏళ్లుగా సీటు ఎక్కలేదు. సైకిల్ తొక్కడం మరచిపోయే విద్య కాదని ఆయన ధీమా. ఆయన మోకాళ్లకు కూడా అంత ధీమా ఉందో లేదో అక్కడికి వెళ్లాకే తేలుతుంది.

బాట మొత్తం పొడవు సుమారు 25 మైళ్లు అని చదివాను. ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒకే రోజున వెళ్లడం మాలాంటి వారికి సాధ్యమేనా? సముద్రం ఎక్కడెక్కడ కనిపిస్తుంది? ఏ చివర నుంచి మొదలుపెట్టడం మంచిది? ఆ దారిలో తొక్కినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

పాత సైకిలిస్టు

ముందుగా ఒక నిరాశ కలిగించే మాట చెప్పేస్తాను, అక్కడికి వెళ్లాక మీరు బాధపడకుండా ఉంటారు. ఆ బాట మీద మీకు సముద్రం కనిపించదు. యార్మత్ నుంచి డెన్నిస్, హార్విచ్, బ్రూస్టర్, ఆర్లీన్స్, ఈస్టమ్ ఊళ్ల మీదుగా వెల్‌ఫ్లీట్ దాకా సాగే ఆ 25 మైళ్లలో చాలా భాగం పైన్, ఓక్ చెట్ల మధ్య నుంచి, చెరువుల పక్క నుంచి, ఇళ్ల పెరటి కంచెల వెనక నుంచి వెళుతుంది. రైలు వేసినవారికి కావలసింది సముద్రపు అందం కాదు. ఊరికి దగ్గరగా, అలల దెబ్బకు దూరంగా, వీలైనంత చదునుగా ఉండే నేల. అందుకే దారి భూమి నడుమన పోతుంది. సముద్రం కావాలంటే అడ్డరోడ్డులోకి తిరిగి మైలు, రెండు మైళ్లు తొక్కాలి. తీరం పేరు చూసి తీరం వెంబడే బాట ఉంటుందని ఊహించుకుని వచ్చి, పది మైళ్లు తొక్కాక "ఇంతేనా" అని వెనక్కి తిరిగినవారిని నేను చూశాను.

ఇక తేలికైన దారా అంటే, తేలికైనదే. బరువైన బండ్లను లాగే ఆవిరి యంత్రం నిటారు ఎగువ ఎక్కలేదు కాబట్టి, వంద అడుగుల దూరానికి రెండు, మూడు అడుగుల కంటే ఎక్కువ ఎత్తు పెరగకుండా గుట్టలను తొలిచి, పల్లాలను పూడ్చి కట్ట పోశారు. ఆ పని ఫలితాన్నే మనం ఇప్పుడు అనుభవిస్తున్నాం. అయితే చదునైన దారికి ఒక గడుసుతనం ఉంది. గుట్టల దారిలో ఎక్కడానికి శ్రమపడతాం, దిగువలో పెడల్ ఆపి సేదతీరుతాం, ఎగువలో సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కుతాం. ఇక్కడ ఆ రెండూ ఉండవు. గంటసేపు ఒకే భంగిమలో ఆపకుండా తొక్కుతూనే ఉంటారు. 20 ఏళ్ల తర్వాత సీటు ఎక్కేవారికి ముందు నొప్పి పుట్టేది మోకాళ్లలో కాదు, కూర్చునే చోట. నాన్నగారిని ప్రతి రెండు మైళ్లకు ఒకసారి దింపి పది అడుగులు నడిపించండి. ఆయన వద్దన్నా వినకండి.

కాబట్టి 25 మైళ్ల మాట మరచిపోండి. బ్రూస్టర్‌లోని నికర్సన్ స్టేట్ పార్కు నుంచి ఈస్టమ్‌లోని సాల్ట్ పాండ్ సందర్శకుల కేంద్రం దాకా సుమారు ఆరేడు మైళ్లు ఉంటుంది. అక్కడి నుంచి నేషనల్ సీషోర్ వారి నాసెట్ సైకిల్ బాట 1.6 మైళ్లలో కోస్ట్ గార్డ్ బీచ్‌కు చేరుస్తుంది. పోయిరావడానికి మొత్తం 17 మైళ్లకు అటూ ఇటూ అవుతుంది. మీ నలుగురికీ ఒక రోజుకు అది నిండైన ప్రయాణం.

గాలివాటు

పాత సైకిలిస్టు గారు చెప్పినదంతా నిజమే, ఒక్క ప్రారంభ స్థలం విషయంలో తప్ప. కేప్ కాడ్‌లో ఎగువలు లేవు కానీ గాలి ఉంది. చదునైన నేల మీద ఎదురుగాలే గుట్ట, పైగా అది ఎక్కిన కొద్దీ తరగని గుట్ట.

వేసవిలో అక్కడ ఎక్కువగా నైరుతి గాలి వీస్తుంది. ఉదయం పలచగా ఉండి, నేల వేడెక్కిన కొద్దీ పెరిగి, మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు బాగా బలపడుతుంది. ఇప్పుడు పటం తీసి చూడండి. బాట బ్రూస్టర్ నుంచి ఆర్లీన్స్ దాకా తూర్పుకు, ఆర్లీన్స్ నుంచి వెల్‌ఫ్లీట్ దాకా ఉత్తరానికి పోతుంది. నికర్సన్‌లో మొదలుపెడితే వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి నెడుతుంది. ఆ నెట్టడం మనకు తెలియదు, మన కాళ్లలోనే బలం ఉందనుకుంటాం. తిరుగు ప్రయాణంలో, అలసిపోయిన వేళకు, బలపడిన గాలి ముఖం మీద కొడుతుంది. పెద్దవారికి, పిల్లలకు అది మంచిది కాదు.

నా సలహా ఇది: కారును ఈస్టమ్‌లోని సందర్శకుల కేంద్రం దగ్గర పెట్టండి. అక్కడ పార్కింగ్‌కు రుసుము లేదు. ఉదయం గాలి పలచగా ఉన్నప్పుడే దక్షిణంగా, ఆపై పడమరగా నికర్సన్ దాకా తొక్కి, మధ్యాహ్నం గాలిని వెనక పెట్టుకుని తిరిగి రండి.

సెప్టెంబరు కాబట్టి ఒక మెలిక ఉంది. వేసవి ముగిసే రోజుల్లో చల్లటి వాతావరణం ఉత్తరం నుంచి దిగివచ్చినప్పుడు గాలి వాయవ్యానికి తిరుగుతుంది. అప్పుడు ఈ లెక్క అంతా తలకిందులవుతుంది. ముందురోజు రాత్రి గాలి అంచనా చూసుకుని ఏ చివర అన్నది నిర్ణయించుకోండి. సైకిళ్లు ముందే అద్దెకు తీసుకుని కారు వెనక చట్రానికి కట్టుకుంటే ఆ స్వేచ్ఛ ఉంటుంది. బాట పక్క దుకాణంలోనే తీసుకుంటే ఆ దుకాణం ఉన్న చోటే మీ ప్రారంభం.

మూడో గేరు

అందరూ ఇంత భయపెట్టడం నాకు నచ్చలేదు. నేను డెన్నిస్ నుంచి వెల్‌ఫ్లీట్ దాకా ఒకే రోజు వెళ్లాను, గంటకు పది మైళ్ల నింపాది వేగంతోనే. వెనక్కి తొక్కవలసిన పనిలేదు, ఊళ్ల మధ్య తిరిగే ఫ్లెక్స్ బస్సుల ముందు సైకిళ్లు నిలబెట్టే చట్రం ఉంటుంది. నడుమ హార్విచ్‌లో సైకిళ్ల కోసమే కట్టిన చిన్న రౌండు కూడలి ఉంది. అక్కడ కుడికి తిరిగితే ఓల్డ్ కాలనీ రైల్ ట్రైల్ చాటమ్ ఊరికి తీసుకువెళుతుంది. ఇంత దారి ఉండగా ఆరేడు మైళ్ల ముక్కనే అటూ ఇటూ తొక్కడం దేనికి?

పాత సైకిలిస్టు

మూడో గేరు గారూ, ఆ చట్రంలో రెండు మూడు సైకిళ్లకు మించి పట్టవు. వీరు నలుగురు. నాన్నగారిని, అబ్బాయిని బస్సెక్కించి మిగతా ఇద్దరు ఎదురుగాలిలో తొక్కుకుంటూ వస్తే అది కుటుంబ ప్రయాణం ఎలా అవుతుంది?

ఉప్పుకయ్య

నేను ఆ ప్రాంతంలో కొన్నేళ్లు ఉన్నాను. దూరాల గురించి చెప్పేవారు చెప్పారు కాబట్టి, ఎక్కడ ఆగాలో నేను చెబుతాను. ఈ బాట మీద తొక్కడం కంటే ఆగడమే ముఖ్యమని నా నమ్మకం.

మొదటిది చెరువులు. సుమారు 18,000 ఏళ్ల క్రితం హిమనదం వెనక్కి తగ్గుతూ, ఇసుకలో పెద్ద పెద్ద మంచుగడ్డలను కూరుకుపోయేలా వదిలి వెళ్లింది. అవి కరిగిన చోట ఏర్పడిన గుంటలే ఇప్పటి చెరువులు. వాటిలో చాలావాటిలోకి ఏ వాగూ రాదు, బయటకూ పోదు. భూగర్భజలమే పైకి తేలి నీటిమట్టంగా నిలిచింది. అందుకే నీరు అంత తేటగా ఉంటుంది. నికర్సన్ పార్కులోని ఫ్లాక్స్ పాండ్, క్లిఫ్ పాండ్ ఈ రకానివే. 1,900 ఎకరాలకు పైగా ఉన్న ఆ పార్కు స్థలాన్ని 1934లో నికర్సన్ కుటుంబం రాష్ట్రానికి విరాళంగా ఇచ్చింది. ఒక్క జాగ్రత్త: పార్కు లోపల ఉన్న 8 మైళ్ల సైకిల్ బాటలు రైలు కట్ట మీద వేసినవి కావు, నేల ఎలా ఉంటే అలా ఎక్కి దిగుతాయి. చెరువు దాకా వెళ్లే ఆ కొంచెం దూరంలోనే మీ నాన్నగారికి తేడా తెలుస్తుంది.

రెండవది బ్రూస్టర్ దాటి ఆర్లీన్స్ వైపు పోయేటప్పుడు వచ్చే నామ్‌స్కాకెట్ చిత్తడి నేల. చెట్లు ఒక్కసారిగా తొలగిపోయి రెండు పక్కలా ఉప్పునీటి గడ్డి విప్పారుతుంది. పోటు సమయంలో ఆ గడ్డి మధ్య వంకలు నిండుగా ఉంటాయి, ఆటు సమయంలో నల్లటి బురద మిగులుతుంది. సముద్రం కనిపించకపోయినా సముద్రం ఉన్నదని ముక్కుకు తెలిసే చోటు అది. బ్రూస్టర్ తీరంలో ఆటు వేళ నీరు మైలు దూరం దాకా వెనక్కి పోయి ఇసుక బయటపడుతుంది. బాట నుంచి ఒక అడ్డరోడ్డులో దిగితే చాలు, నీరు వెళ్లిపోయిన ఆ ఇసుక మీద పిల్లలు గంటలు గడుపుతారు. అయితే ఆటుపోట్ల వేళలు చూసుకుని వెళ్లాలి.

మూడవది క్రాన్‌బెర్రీ మళ్లు. హార్విచ్ ప్రాంతంలో బాట పక్కనే కనిపిస్తాయి. 1816 ప్రాంతంలో డెన్నిస్‌కు చెందిన హెన్రీ హాల్, గాలికి ఇసుక కొట్టుకొచ్చి పడిన చోట ఈ తీగలు బాగా కాస్తున్నాయని గమనించి సాగు మొదలుపెట్టాడు. సెప్టెంబరు నడిమి నుంచి కోత మొదలవుతుంది కాబట్టి, మీరు వెళ్లే వారానికి కాయలు ఎర్రబడుతూ ఉంటాయి.

రైలు సంగతి కూడా ఒక మాట. ఆర్లీన్స్‌కు 1865లో, కొసన ఉన్న ప్రావిన్స్‌టౌన్‌కు 1873లో రైలు వచ్చింది. అప్పటిదాకా పడవల మీద బోస్టన్‌కు పోయిన చేపలు, క్రాన్‌బెర్రీలు ఆ తర్వాత బండ్లలో వెళ్లాయి. తిరుగు బండ్లలో వేసవి విడిదికి వచ్చే పట్నవాసులు దిగారు. మోటారు రోడ్లు వచ్చాక రైలుకు పని తగ్గిపోయింది. ఆ కట్టను రాష్ట్రం కొని సైకిల్ బాటగా మార్చింది. మీ అబ్బాయి అడిగితే చెప్పడానికి పనికొస్తుందని రాశాను.

నెమ్మది చక్రం

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. సముద్రం కనిపించదన్న మాట చదివి ఇంట్లో కొంత నిశ్శబ్దం ఏర్పడింది, తర్వాత కోస్ట్ గార్డ్ బీచ్ దాకా బాట ఉందని తెలిసి సర్దుకుంది.

ఇంకో ప్రశ్న. ప్రావిన్స్‌టౌన్ దగ్గర ఇసుక దిబ్బల మధ్య ప్రావిన్స్ ల్యాండ్స్ బాట ఉందని, చుట్టు 5 మైళ్లు పైచిలుకేనని చూశాను. పొడవు తక్కువ, తారు దారి, పైగా నేషనల్ సీషోర్ లోపలే. రెండో రోజు అక్కడికి వెళ్తే నాన్నగారికి సులువుగా ఉంటుందా?

పాత సైకిలిస్టు

వద్దు. పొడవు చూసి మోసపోయే బాటల్లో అది మొదటిది. రైలు అక్కడి దిబ్బల మీదుగా ఎన్నడూ పోలేదు. దిబ్బ ఎటు తిరిగితే బాట అటు తిరుగుతుంది. నిటారుగా ఎక్కుతుంది, దిగిన చోటే గుడ్డిమలుపు ఉంటుంది, ఆ మలుపులోనే గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పలచగా పరచుకుని ఉంటుంది. ఇసుక మీద ముందు బ్రేకు పట్టినవారు సైకిల్ ఒకవైపు, తాము ఒకవైపు పడతారు. చూడటానికి అంత అందమైన బాట ఆ చుట్టుపక్కల లేదన్నది నిజమే. మీ దంపతులిద్దరూ ఒక ఉదయం వెళ్లి రండి. నాన్నగారిని, అబ్బాయిని రేస్ పాయింట్ తీరంలో కూర్చోబెట్టండి, అక్కడికి కారు వెళుతుంది.

నాసెట్ బాట గురించి కూడా ఇదే హెచ్చరిక, కాకపోతే చిన్న మోతాదులో. అది కూడా రైలు కట్ట కాదు. పొట్టి పొట్టి ఎగువలు ఉంటాయి. సగం దారిలో డోన్ రాక్ అనే పెద్ద బండ దగ్గర, నేల మీదికే సుమారు 18 అడుగుల ఎత్తు ఉంటుంది, ఆగి కాస్త విశ్రాంతి తీసుకోవచ్చు. చివరన చిత్తడి నేల మీద చెక్క వంతెన దాటగానే ఎదురుగా అట్లాంటిక్. తడిసిన చెక్క జారుతుంది, మంచు పడిన ఉదయాలలో దిగి నడిపించుకుని వెళ్లండి.

చెరువుగట్టు

నేను ఇద్దరు పిల్లలతో రెండుసార్లు వెళ్లాను. చిన్న విషయాలే కానీ రోజును పాడుచేసేవి అవే కాబట్టి రాస్తున్నాను.

మొదటిసారి ఒక అద్దె దుకాణంలో సైకిళ్లు తీసుకున్నాం. తొందరలో మా పాప సైకిల్ చక్రాలు నొక్కి చూడలేదు. మూడు మైళ్ల తర్వాత వెనక చక్రం కూర్చుంది. దుకాణానికి ఫోన్ చేస్తే సాయంత్రం దాకా ఎవరూ రాలేమన్నారు, మా దగ్గర పంపు లేదు. ఎండలో మూడు మైళ్లు నడిపించుకుంటూ వచ్చాం. పాప ఏడవలేదు, నేనే ఏడ్చేలా ఉన్నాను. అప్పటి నుంచి ఒక ట్యూబు, రెండు టైరు లివర్లు, చేతి పంపు లేకుండా కదలను. దుకాణం నుంచి బయటపడే ముందు రెండు చక్రాల గాలి, రెండు బ్రేకులు, సీటు బిగింపు చూసుకోండి. మీ నాన్నగారికి సీటు సరైన ఎత్తు కంటే ఒక అంగుళం దించి పెట్టించండి; కాలు చాచి తొక్కితే మోకాలికి మంచిదన్నది నిజమే, కానీ చాలా ఏళ్ల తర్వాత ఎక్కేవారికి ఆగినప్పుడు పాదం నేలకు ఆనడం అంతకంటే ముఖ్యం. రెండో రోజుకు ఆయనే పెంచమంటారు. ఎలక్ట్రిక్ సైకిల్ అద్దెకు ఇస్తామని దుకాణంవారు అంటారు, బ్యాటరీతో నడిచే రకం. దాని బరువు మామూలు సైకిల్ కంటే బాగా ఎక్కువ. తొక్కేటప్పుడు తెలియదు, కూడలిలో ఆగి ఒరిగినప్పుడు తెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను సిఫారసు చేయను.

రెండోది రోడ్డు దాటే చోట్లు. బాట చదునుగా, చెట్ల నీడలో సాగిపోతూ ఉంటే మనసు ఎటో పోతుంది, అంతలో ఒక రోడ్డు అడ్డం వస్తుంది. పిల్లలకు ముందే నియమం పెట్టండి: ప్రతి దాటుడు దగ్గర అందరూ ఆగాలి, పెద్దవారు చూసి చెప్పాకే కదలాలి. అక్కడి కారు నడిపేవారు మర్యాదగా ఆగి చేయి ఊపుతారు. ఆ మర్యాదతోనే చిక్కు. మన వైపు కారు ఆగింది కదా అని వెళితే, అవతలి వైపు నుంచి వచ్చే కారు ఆగకపోవచ్చు. రెండు వైపులా కార్లు నిలబడ్డాకే దాటాలి.

మూడోది బాట మర్యాద. కుడి వైపున వరుసగా ఒకరి వెనక ఒకరు, నడిచేవారిని దాటేటప్పుడు ఎడమ నుంచి, ముందే గంట కొట్టి లేదా గొంతెత్తి చెప్పి. ఆగితే సైకిల్‌తో సహా తారు మీద నుంచి పక్కకు దిగాలి. అయితే పక్క గడ్డిలోకి, పొదల్లోకి మరీ లోపలికి పోకండి. మూడేసి ఆకులు కలిసి ఉండే పాయిజన్ ఐవీ అక్కడ విరివిగా పెరుగుతుంది, తాకితే దద్దుర్లు వస్తాయి. జ్వరం, కీళ్ల నొప్పులు తెచ్చే లైమ్ వ్యాధిని అంటించే పేలలాంటి చిన్న పురుగులు, టిక్స్ అంటారు, ఆ గడ్డిలోనే ఉంటాయి. సాయంత్రం గదికి వచ్చాక మోకాలి వెనక, చెవి వెనక, నడుము పట్టీ దగ్గర అందరినీ ఒకసారి చూడండి.

హెల్మెట్ సంగతి: మసాచుసెట్స్ చట్టం ప్రకారం 16 ఏళ్లు, అంతకు తక్కువ వయసు వారు తప్పనిసరిగా పెట్టుకోవాలి. పెద్దవారికి చట్టం లేదు. మీ నాన్నగారు ఈ తేడాను తప్పకుండా మీ దృష్టికి తెస్తారు, మా మామగారు తెచ్చారు. మనవడు పెట్టుకుని ఆయనను చూస్తూ నిలబడితే పెట్టుకుంటారు.

మూడో గేరు

నా మొదటి సలహాను సగం వెనక్కి తీసుకుంటున్నాను. రెండో రోజుకు మాత్రం ఒక ప్రతిపాదన. సముద్రం పక్కనే నడిచే రైలు బాట కావాలంటే కేప్ కాడ్‌లో అది ఫాల్మత్‌లో ఉంది. షైనింగ్ సీ బైక్‌వే, 10.7 మైళ్లు, నార్త్ ఫాల్మత్ నుంచి వుడ్స్ హోల్ రేవు దాకా. ఇది కూడా పాత రైలు కట్టే, చదును తారు. ఉత్తర భాగం అడవి, చిత్తడి, క్రాన్‌బెర్రీ మళ్లు. దక్షిణపు చివరికి వచ్చేసరికి కొంత దూరం వైన్‌యార్డ్ సౌండ్ అనే జలసంధి నీటి అంచునే పోతుంది. మొత్తం తొక్కకపోయినా, ఫాల్మత్ ఊరి దగ్గర ఎక్కి వుడ్స్ హోల్ దాకా వెళ్లి వస్తే సరిపోతుంది. రేవులో మార్తాస్ వైన్‌యార్డ్ దీవికి పోయే ఓడలను చూస్తూ మీ అబ్బాయి కదలడు.

ఉప్పుకయ్య

మూడో గేరు గారి ఈ సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కోస్ట్ గార్డ్ బీచ్‌లో స్నానం గురించి ఒక మాట. అక్కడి బూడిదరంగు సీళ్ల సంఖ్య పెరిగిన తర్వాత వాటిని వేటాడే తెల్ల సొరచేపలు కూడా వేసవి నుంచి శరత్తు దాకా తీరానికి దగ్గరగా తిరుగుతున్నాయి. ఊదారంగు జెండా మీద సొరచేప బొమ్మ కనిపిస్తే దానికి అర్థం అదే. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాటాక లైఫ్‌గార్డులు కూడా సాధారణంగా ఉండరు. తీరంలో పాదాలు తడుపుకోండి, ఈత మాత్రం చెరువులో కొట్టండి. సైకిల్ మీద వెళ్లేవారికి అక్కడ ఒక లాభం ఉంది. నడి వేసవిలో ఆ తీరం దగ్గర కార్లు పెట్టనివ్వరు, దూరంగా పెట్టి షటిల్ బండి ఎక్కి రావాలి. సైకిల్ మాత్రం తీరం దాకా పోతుంది.

నెమ్మది చక్రం

నిర్ణయించుకున్నాం. మొదటి రోజు ఈస్టమ్ నుంచి నికర్సన్ దాకా, చెరువులో ఈత, తిరుగు ప్రయాణం, ఓపిక ఉంటే చివరన కోస్ట్ గార్డ్ బీచ్. రెండో రోజు ఫాల్మత్. సైకిళ్లు ముందురోజే అద్దెకు తీసుకుని కారుకు కట్టుకుంటాం. పంపు కొన్నాను.

గాలివాటు

బయలుదేరే ముందురోజు రాత్రి ఇక్కడ ఒకసారి రాయండి.

నెమ్మది చక్రం

గాలివాటు గారూ, రేపు ఉదయమే ప్రయాణం. అంచనాలో రేపంతా వాయవ్య గాలి, మధ్యాహ్నానికి పెరుగుతుందని ఉంది.

గాలివాటు

అయితే తిప్పేయండి. కారు నికర్సన్‌లో పెట్టండి. ఉదయం గాలి పలచగా ఉండగానే ఆర్లీన్స్ మీదుగా ఉత్తరానికి ఎదురు తొక్కి ఈస్టమ్ చేరండి, తీరం ముందే చూసేయండి. ఆర్లీన్స్ దాకా వెనక్కి వచ్చేటప్పుడు గాలి వెనక ఉంటుంది. ఆర్లీన్స్ నుంచి నికర్సన్ దాకా మిగిలే ఆ సుమారు 3 మైళ్లు మాత్రం పడమరకు కాబట్టి పక్కగాలి, కొంత ఎదురు. అక్కడ చెట్లు గాలిని అడ్డుకుంటాయి, చిత్తడి నేల దగ్గర తప్ప. ఆ ఒక్క చోట నాన్నగారిని మీ వెనక దగ్గరగా తొక్కమనండి.

నెమ్మది చక్రం

తిరిగి వచ్చాం. ఇంతమంది ఇంత ఓపికగా చెప్పాక జరిగింది రాయకపోతే బాగుండదు.

గాలివాటు గారు చెప్పినట్లే చేశాం. ఉదయం ఎనిమిదికి నికర్సన్ దగ్గర ఎక్కాం. నాన్నగారు మొదటి వంద గజాలు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుని అటూ ఇటూ ఊగారు, తర్వాత భుజాలు దిగాయి, ఆ తర్వాత గంట కొట్టడం మొదలుపెట్టారు. ఎవరూ లేకపోయినా కొట్టారు. హెల్మెట్ గురించి చెరువుగట్టు గారు చెప్పిన సంభాషణ అక్షరం తప్పకుండా జరిగింది, పరిష్కారం కూడా అదే.

రెండు మైళ్లకు ఒకసారి దిగడం అనే నియమం మొదట్లో ఆయనకు నచ్చలేదు. ఆర్లీన్స్ చేరేసరికి ఆయనే ముందుగా దిగి, సైకిల్‌ను చెట్టుకు ఆనించి నడుము పట్టుకుని నిలబడ్డారు. మోకాళ్లకు ఏమీ కాలేదు. పాత సైకిలిస్టు గారు చెప్పిన చోటే నొప్పి. సీటు మీద వేసే మెత్తటి తొడుగు ఒకటి ఊళ్లో కొన్నాం, దానితో మిగతా రోజు గడిచింది. ఇంకెవరైనా పెద్దవారిని తీసుకువెళితే ఇంటి నుంచే తీసుకువెళ్లండి.

నాసెట్ బాట ఎగువల్లో నాన్నగారు, నేను దిగి నడిచాం. అబ్బాయి ముందే వెళ్లి వంతెన దగ్గర ఆగి మా కోసం కేకలు పెట్టాడు. వంతెన మీద చెక్క తడిగానే ఉంది, నడిపించుకునే దాటాం. తీరంలో జెండా ఎగురుతోంది, అలల వెనక నాలుగు సీళ్ల తలలు కనిపించాయి. నీళ్లలోకి మోకాలు దాటి ఎవరూ దిగలేదు. నాన్నగారు ఇసుకలో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, చివరకు "సముద్రం కనపడని దారిలో రావడమే మంచిదైంది, చివరకు ఒక్కసారిగా వచ్చింది" అన్నారు.

తిరుగు దారిలో ఆర్లీన్స్ దాకా పెడల్ మీద కాలు ఊరికే పెట్టినట్లే ఉంది. చిత్తడి నేల దగ్గర గాలి పక్క నుంచి బలంగా కొట్టింది, నా వెనక రమ్మంటే నాన్నగారు రాలేదు, తల వంచుకుని నా ముందే వెళ్లిపోయారు. ఫ్లాక్స్ పాండ్‌కు వెళ్లే ఎగువ ఎక్కే ఓపిక ఎవరికీ మిగలలేదు. సైకిళ్లు కారుకు కట్టేసి కారులోనే చెరువుకు వెళ్లాం. మొత్తం 17 మైళ్లకు విశ్రాంతులతో కలిపి ఆరు గంటలు పట్టింది.

రెండో రోజు ఫాల్మత్. ఊరి దగ్గర ఎక్కి వుడ్స్ హోల్ దాకా వెళ్లివచ్చాం. నీటి అంచున తొక్కిన ఆ కొద్ది దూరం మా ఆవిడకు అన్నిటికంటే నచ్చింది. నాన్నగారు సీటు ఒక అంగుళం పెంచమన్నారు.

వచ్చే ఏడాది మే నెలలో హార్విచ్ కూడలి నుంచి చాటమ్ వైపు వెళ్లాలని ఇప్పటి నుంచే ఆయన పట్టుబడుతున్నారు. గాలివాటు గారూ, ఆ దారిలో ఏ చివర నుంచి మొదలుపెట్టమంటారు?

గాలివాటు

ముందురోజు రాత్రి అడగండి, చెబుతాను.